చేపలకూ ఈశాన్యమే కావాలట

మా బావ ఈతకొలనులో చేపలు పెంచాలనుకున్నాడు. ఈ సంగతి నేను చెప్పిన ప్రతివాళ్లూ ముందు చేపల గురించే అడిగారు. ఏ రకం చేపలు, కరవవా, మనుషులు ఈదుతుంటే అవి ఏం చేస్తాయి? అనంతపురం వైపు పుట్టి పెరిగినవాళ్లు, ఎండాకాలంలో బిందె పట్టుకుని ట్యాంకరు వెంట పరుగెత్తినవాళ్లు కూడా నీళ్లెక్కడివని అడగలేదు. ఆ రోజుల్లో నాకు కొంచెం కోపంగా ఉండేది. కొంచెం అన్న మాట మర్యాద కోసం వాడుతున్నాను.

ముందు నా అర్హత చెప్పాలి. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతాను. నాకు డాక్టరు చదవాలని ఉండేది. ఆ చదువుకు నా మీద అలాంటి అభిప్రాయమేమీ లేకపోయింది. అందుకని జువాలజీ. ఆ చదువు మొత్తంలో నాకు తెలిసిన చేప ఫార్మలిన్ వాసన కొడుతూ, మైనం ట్రేలో పొట్ట కోయించుకుని, గుండుసూదుల మధ్య పడుకుని ఉండేది. బతికున్న చేపతో నాకు పరిచయం లేదు. కానీ మా బంధువుల్లో చేపల చదువు చదివినవాణ్ని నేనొక్కణ్నే. పైగా పెళ్లిళ్లలోనూ, దినాల్లోనూ నలుగుర్ని నవ్విస్తానని పేరుంది. కాబట్టి ఒకరోజు బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, ఆదివారం రోంత ఇంటికాడికి రాప్పా. నీ చదువుతో పని పడింది."

నా చదువుతో ఒకరికి పని పడడం అదే మొదలు. వెళ్లాను.

బావ అంటే మా అక్క భర్త. రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు. మధ్యమధ్యలో ఎన్నికల్లో నిలబడతాడు. చిలమత్తూరు దగ్గర, బెంగళూరు హైవేని ఆనుకుని వాళ్లకు పొలం ఉంది. రోడ్డు వైపు, అంటే పడమర సగంలో ఇల్లు, ఇంటి చుట్టూ బీడు. తూర్పు సగంలో చీనీ తోట, అంటే బత్తాయి. ఆ బీడులో ఒకప్పుడు వేరుశనగ వేసేవాళ్లు. వేసి వేసి విసిగి మానుకున్నారు. అక్కడ బావ రిసార్టు కట్టాలనుకున్నాడు. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లకు పడుకోవడానికి గదులు, తినడానికి నాటుకోడి, ఆ రెండూ అయ్యాక ఏం చెయ్యాలో తోచకపోతే దిగడానికి ఈతకొలను. ఇంతవరకు అందరూ చేస్తున్నదే. మా బావకు అందరూ చేసేది సరిపోదు. అంతకు ముందు ఏడాది తోటి కాంట్రాక్టర్లతో కలిసి బ్యాంకాక్ వెళ్లొచ్చాడు. ఆ ప్రయాణం గురించి ఇంట్లో ఎక్కువగా మాట్లాడుకోము. అక్కడ చూసినవాటిలో ఇంట్లో చెప్పదగ్గది ఒక్కటే ఉన్నట్టుంది: మనుషులు ఈదే నీళ్లలోనే చేపలు తిరిగే కొలను.

నేను వెళ్లేసరికి వరండాలో పెద్ద కాగితం పరిచి ఉంది. బెంగళూరు డిజైనరు గీసిచ్చినది. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు చీనీకాయలు పెట్టారు. కొలను చేప ఆకారంలో ఉంది. కన్ను ఉండాల్సిన చోట చిన్న దీవి, దాని మీద కొబ్బరిచెట్టు. తోకలో పిల్లలు ఆడుకోవడానికి లోతు తక్కువ నీళ్లు.

"ఎట్లుండాది?" అన్నాడు బావ.

"కంట్లో చెట్టు మొలిచింది బావా. ఎవరికన్నా చూపించల్ల."

బావ కడుపుబ్బ నవ్వాడు. నా ఇబ్బంది అదే. ఒళ్లు మండినప్పుడు నా నోట్లోంచి జోకు వస్తుంది. అవతలివాళ్లు నవ్వేసి పని చూసుకుంటారు. మంట మాత్రం నా దగ్గరే ఉండిపోతుంది.

"అది సరేగానీ, చేపలు బతకల్లంటే ఏం చెయ్యల్ల, చెప్పు."

"నీళ్లలో క్లోరిన్ కలపకూడదు."

"కలపకుంటే మనుషులకు రోగాలొస్తాయంట కదా? డిజైనరు చెప్పినాడు."

"వస్తాయి."

"కలిపితే?"

"చేపలు చస్తాయి."

బావ కాసేపు కాగితం మీదున్న చేపను చూశాడు. "రోజూ రోంత రోంత ఏసి అలవాటు చేస్తే?"

"చేపలకా, మనుషులకా?"

"ఇద్దరికీనప్పా."

ఆయన వేళాకోళం ఆడడం లేదు. కాంట్రాక్టుల్లో కొన్నేళ్లున్న మనిషికి రోంత రోంతగా, అంటే కొంచెం కొంచెంగా, అలవాటు కానిదేదీ ఉండదని గట్టి నమ్మకం. నేను మా క్లాసు పిల్లలకు చెప్పినట్లు మొప్పల గురించి చెప్పాను. మా క్లాసు పిల్లలు విన్నట్లే ఆయన విన్నాడు. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టాడు. కొలను నడుమ నిలువునా అద్దం. ఈపక్క మందు కలిపిన నీళ్లలో మనుషులు, ఆపక్క మందులేని నీళ్లలో చేపలు.

"దిగినోనికి అంతా ఒకటే మాదిరి కనపడల్ల. చేప వచ్చి మూతి కాడ నిలబడల్ల. ఏ చేపలేద్దాం?"

"బొచ్చె, రాగండి అయితే మన ఎండకు తట్టుకుంటాయి."

"అవి తినేటివి కదప్పా! సూసేటివి గావాల."

"చూసినాక తినొచ్చు."

నేను మంటతోనే అన్నాను. ఆయనకు ఆ మాట నచ్చింది. చూపించిన చేపను పట్టి వేయించి పెడతామని బోర్డు రాయిస్తే బాగుంటుందన్నాడు. అద్దానికి ఇవతల ఈదుతున్నవాళ్లకు ఆ బోర్డు ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించమన్నాను. మళ్లీ నవ్వాడు.

అప్పుడే అక్క బొరుగుల ఉగ్గాని ప్లేట్లు తెచ్చింది. కాగితం మీద పెట్టడానికి లేదు కాబట్టి చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. నేను చెబుతున్నాను: చేపల వైపు నీళ్లు ఊరికే నిలవబెడితే కుళ్లిపోతాయి, ఎప్పటికప్పుడు పాతవి వదిలి కొత్తవి పెట్టుకోవాలి అని.

"ఆ కొత్తవి యాడివి?" అంది అక్క.

మూడు నెలలుగా నడుస్తున్న ఆ ఆలోచనలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

"యాడివేమి? తోటలో బోరుండాది కదా," అన్నాడు బావ. "రోంత తోటకు, రోంత కొలనుకు."

"ఉండేదే రోంత," అంది అక్క. ప్లేట్లు మా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ బోరు సంగతి చెప్పాలి. ఆ పొలంలో చాలా చోట్ల బోరు వేయించారు. వేసిన ప్రతిచోటా తెల్లటి దుమ్ము లేచి ఇంటి కిటికీల మీద పడింది. నీళ్లు పడింది ఒక్కచోటే, తోట చివర, ఈశాన్యం మూలలో. ఆ నీళ్లను నమ్ముకుని అక్క చీనీ అంట్లు నాటించింది. ఎనిమిదేళ్లు ఆ చెట్లతోనే కాపురం చేసిందంటే అతిశయోక్తి కాదు. ఒక ఎండాకాలం బోరు సగానికి పడిపోయింది. బట్టలు ఉతికిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు బకెట్లతో మోసి పోసింది. మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు పరిచి తడి ఆరకుండా కాపాడింది. నా పెళ్లికి సరిగ్గా ముహూర్తానికి వచ్చి, అక్షింతలు వేసి, భోజనానికి ముందే వెళ్లిపోయింది. ఆ వారం పొలాలకు కరెంటు మధ్యాహ్నం పూట ఇస్తున్నారు. మా అత్తగారి తరఫువాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. ఆ తోటకు ఈమధ్యే కాపు మొదలైంది. బావ దాన్ని "మీ అక్క పిచ్చి" అంటాడు. కాగితం ఎగరకుండా పెట్టిన కాయలు ఆ పిచ్చివే.

తోట పేరుకు బావదే. కాగితాల్లో అక్క పేరు ఎక్కడా లేదు. చెమట ఎక్కించడానికి కాగితాల్లో గడి ఉండదు.

తర్వాతి ఆదివారం వాస్తు ఆయన వచ్చాడు. మా బావకు వాస్తు మీద ఉన్న నమ్మకం గురించి ఒక్క మాట చెబితే చాలు. సర్పంచి ఎన్నికల్లో ఓడిపోయినప్పుడు ఓట్లు ఎందుకు పడలేదో ఊళ్లో ఎవర్నీ అడగలేదు. ఇంటి మెట్లు పగలగొట్టి, ఇంకో వైపు కట్టించాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో కూడా ఓడిపోయాడు. మెట్లు మళ్లీ పగిలాయి. అక్క రెండు నెలలు నిచ్చెన వేసుకుని మిద్దె మీద ఒడియాలు ఎండబెట్టింది.

వాస్తు ఆయన సెల్‌ఫోన్లో దిక్సూచి పెట్టుకుని పొలమంతా తిరిగాడు. మర్యాదస్తుడు. డిజైనరు కొలనును హైవే పక్కన గీశాడు, కార్లలో పోయేవాళ్లకు కనపడాలని. ఆయన కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"పడమర నీరు పనికిరాదండీ. యజమానికి పదవీయోగం ఉండదు."

ఆ ఒక్క మాటతో హైవే పక్క కొలను ఎండిపోయింది.

"మరి యాడ పెట్టల్ల సామీ?"

"నీరు ఈశాన్యంలోనే ఉండాలి. చేపలున్న నీరైతే మరీ మంచిది. మీ ఈశాన్యం అదిగో."

ఆయన చెయ్యి చీనీ తోట చివరికి చూపించింది. బావ అటు చూసి, కుర్చీ ఇటు జరపండి అన్నంత తేలిగ్గా అన్నాడు:

"సరిపాయె. తోట తీసేస్తే అయిపోతాది."

అక్క వంటింటి గుమ్మంలో ఉంది. ఆమెకు వినపడింది. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి దోపుకుని, చెప్పులేసుకుని తోట వైపు వెళ్లింది.

నేను ఆగలేకపోయాను. "బావా, కాపుకొచ్చిన చెట్లు కొట్టేస్తావా? నీళ్లలో చేప మూతి చూడడానికి?"

"చెట్లదేముందప్పా, ఇంకో తావ పెట్టుకోవచ్చు."

"ఇంకో తావ నీళ్లేవి?"

"అన్నిటికీ అడ్డం పడితే ఎట్లప్పా?"

"అడ్డం పడింది నేను కాదు, చెట్లు. అవి నిలువుగానే ఉండాయి, నువ్వే పండబెట్టల్లంటాండావు."

బావ వాస్తు ఆయన వైపు తిరిగి, "సూడు సామీ, కోపమొస్తే మా బామ్మర్ది భలే మాట్లాడతాడు. అందుకే పిలిచేది," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నా జీవితంలో నేనన్న మాటలకు అంత బాగా నవ్విన రోజు ఇంకోటి లేదు. ఆ నవ్వులు విన్నప్పుడు ఆ కాగితం ముక్కలు ముక్కలుగా చించి వాళ్ల నెత్తిన పొయ్యాలనిపించింది. నేను చించలేదు. ఇంటి అల్లుడి ముందు బామ్మర్ది కాగితాలు చించితే ఆ మాట అక్క మీదికే పోతుంది. ఈ మర్యాదలు ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లకు సొంత తోట ఉండి ఉండదు.

తోటలోకి వెళ్లాను. అక్క ఒక చెట్టు కింద వంగి, డ్రిప్పు పైపు మూతిలో పట్టిన ఉప్పును పిన్నీసుతో గీకుతోంది. ఆ పని ఆపకుండానే అడిగింది.

"ఈశాన్యమంటే ఎట్ల లెక్క పెడతారప్పా?"

"స్థలం హద్దుల్ని బట్టి. మొత్తం పొలం ఒకటిగా చూసినాడు కాబట్టి నీ తోట చివరికి వచ్చింది."

"ఒకటిగా చూడకుంటే?"

"మధ్యలో గోడ కడితే రెండు స్థలాలవుతాయి. ఒక్కోదానికి ఒక్కో ఈశాన్యం. గోడకు అవతల ఆయన ఈశాన్యం ఆయనకు, ఇవతల నీది నీకు. భారత్, పాకిస్తాన్ మాదిరి."

నేను మంటెక్కి అన్న మాట అది. అంతకు ముందు అన్నవాటి లాంటిదే. అక్క నవ్వలేదు. పిన్నీసు గాజుకు తగిలించుకుని, లేచి నిలబడి, పొలాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది.

"ఆ మాట ఆయప్పతో అనల్ల," అంది.

అన్నది ఆమే. వాస్తు ఆయనకు మజ్జిగ తెచ్చిచ్చి, పక్కన నిలబడి, చాలా అమాయకంగా అడిగింది. "సామీ, నాకు తెలీక అడుగుతాండా. తోటకూ ఇంటికీ నడమ గోడ పెడితే, అప్పుడు ఈశాన్యం యాడికి పోతాది?"

ఆయన మజ్జిగ తాగుతూ ఆలోచించాడు. ప్రహరీ వస్తే ఏ స్థలానికి ఆ స్థలమే అన్నాడు. అప్పుడు ఇంటి వైపు ఈశాన్యం గోడ పక్కనే, ఉత్తరం మూలకు వస్తుందని, అక్కడ కొలను దివ్యంగా ఉంటుందని చెప్పాడు. బావకు కూడా వెంటనే నచ్చింది. చెట్లు కొట్టించే పని తప్పింది. గోడ ఉంటే తోటలో పేడ, ఎరువు, పనివాళ్లు బెంగళూరు వాళ్ల కంట పడరు.

"సూడప్పా, మీ అక్కకు కూడా వ్యాపారం తెలుస్తాండాది," అన్నాడు నాతో.

గోడ లేచింది. రోడ్లు వేసే మనిషికి గోడ ఒక లెక్కా? రాయీ, సిమెంటూ, మనుషులూ ఆయనవే. అక్క గోడలో ఒక చిన్న గేటు అడిగింది, ఇంట్లోంచి తోటలోకి పోవడానికి. వాస్తు ఆయన ఒప్పుకోలేదు. గేటు పెడితే రెండు స్థలాలు మళ్లీ ఒకటవుతాయట, అప్పుడు ఈశాన్యం మళ్లీ తోటలోకి పారిపోతుందట. ఆ మూలకు కాళ్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది. అప్పటినుంచి అక్క తన తోటకు పోవాలంటే ఇంటి ముందుకొచ్చి, హైవే పక్కన లారీల దుమ్ములో నడిచి, సందులోకి తిరిగి, పొలం చుట్టూ పోవాలి. పెరట్లో ఉన్న చెట్టును చూడడానికి ఊరు చుట్టి వచ్చినట్లు. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. నాకు గోడ తలుచుకుంటేనే పళ్లు నూరుకునేంత కోపం వచ్చేది. ఆమెకు రాలేదేమని ఆమె మీద కూడా వచ్చేది.

కొలను తవ్వారు. చేప ఆకారం బాగానే వచ్చింది. పైనుంచి చూస్తే నోరు తెరిచి ఉన్నట్టు ఉండేది. బెంగళూరు నుంచి అద్దం వచ్చింది, మనిషికన్నా ఎత్తు. దాన్ని గడ్డిలో చుట్టి గోడకు ఆనించి పెట్టారు. ఇక నీళ్లు. గోడ కింద కన్నం చేసి తోట బోరు నుంచి పైపు లాగడానికి మనుషులు వచ్చారు. కొలనుకు పూజ కాబట్టి వాస్తు ఆయన కూడా వచ్చాడు. నన్ను చేపల తరఫున పిలిచారు.

కన్నానికి గునపం పడే ముందు అక్క మళ్లీ మజ్జిగ తెచ్చింది. మా బావకు ఆ మజ్జిగను చూసి అనుమానం రాకపోవడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

"సామీ, తోటలో బోరు ఈశాన్యం మూలనే ఉండాది కదా?"

"ఉంది తల్లీ. అందుకే మీకు నీళ్లు పడ్డాయి."

"ఒకరి ఈశాన్యం నీళ్లు గోడ దాటిచ్చి ఇంకొకరి ఈశాన్యంలో పోయొచ్చునా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. రెండు స్థలాలని తనే అన్నాడు. ఏ స్థలం ఈశాన్యం దానిదేనని తనే అన్నాడు. తన మాటను తను దాటలేడు.

"దాటించకూడదమ్మా. ఇంట్లో లక్ష్మిని గోడవతలికి పంపించినట్లు. పంపినవాళ్లకూ మంచిది కాదు, తెచ్చుకున్నవాళ్లకూ మంచిది కాదు."

గునపం పట్టుకున్నవాడు బావ వైపు చూశాడు. బావ వాస్తు ఆయన వైపు చూశాడు. ఆయన చాలా ప్రశాంతంగా గోడ వైపు చూస్తున్నాడు. రెండుసార్లు మెట్లు పగలగొట్టిన మనిషికి, నలుగురి ముందు, ఆ మాట కాదనే దారి లేదు. గునపం గోడకు తగలకుండానే కిందికి దిగింది. పనివాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

బావ తన కొత్త ఈశాన్యంలో, చేప మూతి పక్కన, బోరు వేయించాడు. బోరు బండి పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా మొత్తుకుంది. దుమ్ము లేచింది. ఇంటి మీదా, అద్దం మీదా, నా నెత్తి మీదా సమానంగా పడింది.

ఇక్కడ కథ సుఖంగా ముగిసిందని అనుకోవచ్చు. ఊళ్లో అందరూ అలాగే అనుకున్నారు. ఆ వాస్తు ఆయన ఎంత గొప్పవాడో, ఒక్క మాటతో తోట నిలబెట్టాడని చెప్పుకున్నారు. హిందూపురం నుంచి ఒకాయన తన మిల్లు చూపించడానికి ఆయన్ని కారు పంపించి పిలిపించుకున్నాడు. నాకు కోపం అప్పుడు తలకెక్కింది. మా అక్క ఎనిమిదేళ్లు పోసిన నీళ్లు ఎవరికీ కనపడలేదు. కాపు కనపడలేదు. ఆమె "ఉండేదే రోంత" అన్నప్పుడు ఇంట్లో ఈగ కూడా కదల్లేదు. ఒక మూల ఉందనేసరికి అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. సొంత పెళ్లాం మాటకు లేని విలువ సెల్‌ఫోన్లో తిరిగే ముల్లుకు ఉంది. ఆ ముల్లుతో బతికిన తోట, ఆ ముల్లుతోనే ఎప్పుడైనా పోవచ్చు. నాకు అదే భయంగా ఉండేది. అక్కతో అంటే, "గమ్మునుండప్పా, చెట్లుండాయి కదా," అనేది.

నా భయం నిజం కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక ఆదివారం నేను తోటలో ఉన్నాను. అక్క పాదులు సరిచేస్తోంది. బోరు పోస్తోంది. బావ సందులోంచి, చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయనకు కూడా చుట్టూ తిరిగే రావాలి కదా. చాలా సంతోషంగా ఉన్నాడు.

"ఇంక చింత లేదు. ఆయప్పతో ఫోన్లో మాట్లాడినా. శాంతి చేస్తే నీళ్లు దాటియ్యొచ్చునంట. హోమం ఒకటి, గోడకు ఒక పూజ. మంగళవారం పెట్టుకుందామన్నాడు."

అంతే. లక్ష్మిని గోడవతలికి పంపకూడదన్న నోరే, దారిఖర్చులకు పూజ చేసి పంపొచ్చునంది. నేను నోరు తెరిచాను. ఎప్పటిలాగే ఏదో ఒకటి వచ్చేదే. కానీ అక్క పారను మట్టిలో గుచ్చి, దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

"శాంతి ఆయప్ప చేస్తే చెయ్యనీ. నీళ్లు నేనియ్యను."

"ఆయప్పే ఒప్పుకున్యాడు కదా?"

"ఆయప్ప ఒప్పుకున్యాడు. నేను ఒప్పుకోలేదు."

"ఏమిటికి?"

"చెట్లకు చాలవు."

"అంతేనా?" అన్నాడు బావ. ఇంకేదైనా పెద్ద కారణం ఉంటుందనుకున్నాడు పాపం. దిక్కులకో, గ్రహాలకో సంబంధించింది.

"అంతే."

"పొలం నాదే!"

"నీదే. నేను కాదన్యానా? బోరు పీకి అవతల పెట్టుకోపో. నేనుండంగా ఈ మోటరు కాడ ఎవడన్నా చెయ్యి పెడితే, నేను పోయేది మా నాయనింటికి కాదు. నీ మీటింగుకే వస్తా. మైకు కాడికొచ్చి చెప్తా, పెండ్లాం చెట్లకు నీళ్లియ్యలేనోడు మీ ఊరికేమిస్తాడని."

నేను అక్కను ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడగా వినలేదు. నిజానికి గట్టిగా కూడా కాదు, పక్క చెట్టు కిందున్న వాళ్లకు వినపడేంత. బావ మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఆయన తోటలోకి వచ్చిన సందర్భాలు తక్కువ. ఎటు చూడాలో తెలియక ఒక చెట్టును చూశాడు. అది పిందె మీద ఉంది.

"అయితే ఇంటికి కూడా రావా ఏమి?" అన్నాడు.

"యాల రాను? సంగటి కెలికేది నేనే కదా."

బావ వెళ్లిపోయాడు. ఆయన సందు దాటేదాకా అక్క పార మీద నుంచి చేతులు తియ్యలేదు. నేను బోరు వైపు తిరిగాను. నీళ్లు మామూలుగానే పోస్తున్నాయి, అరచెయ్యి వెడల్పున.

"ఈ సాలు చెట్లకు అయిపోనీ, పోదాం. తినేసి పోదువు," అంది.

హైవే పక్కనే నడిచి ఇంటికి వెళ్లాము. లారీల చప్పుడులో మాట్లాడినా వినపడదు. అక్క కాళ్లు కడుక్కుని వంటింట్లోకి పోయింది. సంగటి కెలుకుతున్న చప్పుడు మామూలు కన్నా గట్టిగా వినపడింది. బావ వరండాలో కూర్చుని ఎవరితోనో ఫోన్లో, మంగళవారం వద్దు, తర్వాత చెబుతానంటున్నాడు. ఎందుకని అవతలివాళ్లు అడిగినట్టున్నారు.

"నీళ్లు చాలవంట సామీ," అన్నాడు.

ముగ్గురమూ కలిసే తిన్నాము. అక్క వడ్డిస్తే బావ ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ అనలేదు.